హాక్స్ నెస్ట్ సొరంగం: లెక్కకు రాని చావులు

2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయం నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న సొరంగంలో పైకప్పు కూలింది. ముఖద్వారం నుంచి అది సుమారు పద్నాలుగు కిలోమీటర్ల లోపల. నీరూ బురదా ఒక్కసారిగా ముంచుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్ కూలీలు నలుగురు. మిగిలిన ఇంజనీర్లూ యంత్రం నడిపేవారూ ఉత్తరప్రదేశ్, జమ్మూకాశ్మీర్, పంజాబు ప్రాంతాలవారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వారాల తరబడి వెతికితే రెండు దేహాలు దొరికాయి. ఆ రోజుల్లో రాష్ట్రంలో ఎవరిని కదిలించినా ఆ ఎనిమిది మంది మాటే.

అప్పుడే తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "సొరంగాల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏది మాస్టారూ?" అమెరికాలో వందలమందిని పొట్టనబెట్టుకున్న ఒక సొరంగం వుందనీ, అయితే అంతమందిని చంపిన ప్రమాదమంటూ అందులో ఏనాడూ జరగలేదనీ జవాబు చెప్పాను. నేను పొడుపుకథ వేస్తున్నాననుకుని పిల్లలు నవ్వారు. పొడుపుకథ కాదు. కప్పు కూలితే చచ్చినవారిని లెక్కపెడతారు; అదే కప్పు కింద దుమ్ము పీల్చి చచ్చినవారిని లెక్కపెట్టరు. ఈ తేడా ప్రకృతి పెట్టింది కాదు, మనుషులు పెట్టింది. అది ఎలా పెట్టారో హాక్స్ నెస్ట్ చరిత్ర చూస్తే తెలుస్తుంది.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రం ఫాయెట్ జిల్లాలో న్యూ నదీ గాలీ నదీ కలిసేచోట గాలీ బ్రిడ్జి అనే చిన్న వూరు వుంది. తెలుగువాడి చెవికి ఆ పేరు ఎలా వినపడుతుందో చెప్పనక్కరలేదు. ఆ వూరివారికి చివరికి కరువైంది కూడా గాలే. యూనియన్ కార్బైడ్ సంస్థ ఆ చుట్టుపక్కల లోహమిశ్రమాల కర్మాగారం పెట్టుకున్నది. దానికి విద్యుచ్ఛక్తి కావాలి. న్యూ నదికి ఆనకట్ట కట్టి, నీటిని కొండ కడుపులోంచి మూడు మైళ్ళ పైచిలుకు సొరంగం ద్వారా దిగువకు దూకించి కరెంటు తీయాలని పథకం. పనికి న్యూ కనావా పవర్ కంపెనీ అనే అనుబంధ సంస్థ ఏర్పడ్డది. ఆ సంస్థ తవ్వకాన్ని రైన్‌హార్ట్ అండ్ డెన్నిస్ అనే కంట్రాక్టుదారులకు అప్పగించింది. అసలు యజమాని ఒకడు, ముందు నిలబడేవాడు మరొకడు, కూలీని పనిలో పెట్టుకునేవాడు ఇంకొకడు. మనదేశంలో కంట్రాక్టు పనులు చూసినవారికి ఈ అంచెల పద్ధతి కొత్తేమీ కాదు.

1930 వసంతంలో పని మొదలైంది. ఏ సంవత్సరమో పాఠకులు గమనించాలి. అంతకు ముందటి శరత్తులోనే వాల్ స్ట్రీట్ కూలింది. మిల్లులూ బొగ్గుగనులూ మూతపడుతున్నాయి. జార్జియా, కరొలైనా, అలబామా వంటి దక్షిణ రాష్ట్రాల్లో కౌలుకు పత్తి పండించుకునే నల్లజాతి రైతులకు తిండి గడవడం లేదు. పనిదొరుకుతుందన్న మాట వినపడగానే రైలుపెట్టెలెక్కి వచ్చారు. సొరంగంలో దిగిన సుమారు మూడువేల మందిలో ముప్పాతికమంది వాళ్ళే. గంటకు 50 సెంట్లుగా మొదలైన కూలీ గేటు బయట నిరుద్యోగులు పెరిగిన కొద్దీ తగ్గుతూ వచ్చింది. కంపెనీ గుడిసెల్లో పదీ పన్నెండు మందిని కుక్కి, అద్దె జీతంలో పట్టుకునేవారు. జబ్బుపడి లేవలేనివాణ్ణి గుడిసెలోంచి ఈడ్చి పనికి తోలడానికి వేరే మనుషులుండేవారు. పనిచేయలేనన్నవాడు వూరు విడిచిపోవాలి. అతని జాగాలోకి రావడానికి అప్పటికే ఇంకొకడు సిద్ధం.

కొండ ఇసుకరాతి కొండ. కొన్నిచోట్ల ఆ రాయి దాదాపు శుద్ధమైన సిలికా. అంత శుద్ధమైన సిలికా లోహమిశ్రమాల కర్మాగారానికి పనికొచ్చే సరుకు. దాంతో ఒక భాగంలో సొరంగం వ్యాసాన్ని అనుకున్నదానికన్నా బాగా పెంచి, తవ్విన రాతిని కర్మాగారానికి తరలించారు. కరెంటు కోసం తవ్విన సొరంగం గని కూడా అయింది. గనికి వర్తించవలసిన జాగ్రత్తలు మాత్రం దానికి వర్తించలేదు. ఎందుకంటే కాగితాల్లో అది గని కాదు.

ఇక దుమ్ము సంగతి. రాతిలో మందు దట్టించడానికి ముందు వరసగా బెజ్జాలు తొలవాలి. డ్రిల్లు మొనమీద నీళ్ళు పారిస్తూ తొలిస్తే దుమ్ము బురదై కిందికి జారుతుంది. నీళ్ళు లేకుండా తొలిస్తే పని త్వరగా సాగుతుంది, దుమ్ము గాలిలో నిలుస్తుంది. హాక్స్ నెస్ట్‌లో చాలాభాగం పొడిగానే తొలిచారని కూలీలు ప్రమాణంచేసి చెప్పారు. పేల్చిన తరువాత పొగా దుమ్మూ అణగేదాకా ఆగాలి, ఆగనీయలేదు. రాతి తుక్కు ఎత్తే కూలీలను వెంటనే లోపలికి తోలారు. గాలి గొట్టాలు చాలలేదు. లోపల పెట్రోలుతో నడిచే ఇంజన్ల పొగ సరేసరి. దీపాలు వెలుగుతున్నా పది అడుగుల దూరంలో మనిషి ఆనేవాడు కాదనీ, తాగే నీళ్ళమీద తెల్లగా తెట్టు కట్టేదనీ చెప్పారు. షిఫ్టు దిగి బయటికి వచ్చేసరికి నల్లవాడెవరో తెల్లవాడెవరో పోల్చుకోవడం కష్టమయ్యేదట. అమెరికాలో ఆ రోజుల్లో ఇద్దరికీ సమానత్వం దొరికిన చోటు బహుశా అదొక్కటే. తనిఖీకి వచ్చిన కంపెనీ ఇంజనీర్లు ముఖానికి ముసుగులు తగిలించుకుని లోపలికి వెళ్ళారన్న సాక్ష్యం కూడా వుంది. కూలీలకు ముసుగులు లేవు.

"ఆ కాలంలో సిలికోసిస్ సంగతి ఎవరికి తెలుసు?" అని వాదించేవారున్నారు. ఆ తరువాత కంపెనీ పక్షం చేసిన వాదన కూడా అదే. చరిత్ర చదివినవాడెవడూ దీన్ని ఒప్పుకోడు. 1556లో అచ్చయిన గ్రంథంలోనే జర్మన్ పండితుడు అగ్రికోలా రాతి దుమ్ము గనివారి ఊపిరితిత్తులను తినేస్తుందని రాశాడు. కార్పతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలున్నారని కూడా రాశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలోనే దక్షిణాఫ్రికా బంగారు గనుల విషయంలో ఈ జబ్బుకు నష్టపరిహార చట్టాలు వచ్చాయి. అమెరికాలోనే మిసోరీ రాష్ట్రపు జాప్లిన్ గనుల్లో ప్రభుత్వ వైద్యులు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పరిశోధన చేసి, తడి డ్రిల్లింగు వాడాలని చెప్పారు. రాతిని కొలిచి, రసాయనశాలలో పరీక్షించి, ఎంత శుద్ధమైనదో తేల్చి కర్మాగారానికి పంపగలిగినవారికి ఆ రాతిపొడి మనిషిని ఏం చేస్తుందో తెలియదంటే ఎలా నమ్మడం? శాస్త్రజ్ఞానం వుంది. దాన్ని సరుకు వైపు తిప్పారు, మనిషి వైపు తిప్పలేదు.

సిలికోసిస్ మామూలుగా పది, ఇరవై ఏళ్ళకు మనిషిని పట్టుకుంటుంది. ఇక్కడ దుమ్ము దట్టంగా వుండడంవల్ల నెలల్లోనే పట్టుకుంది. సన్నని సిలికా రేణువు ఊపిరితిత్తిలో దిగితే శరీరం దాన్ని బయటికి నెట్టలేదు, చుట్టూ మచ్చకట్టి బంధిస్తుంది. మచ్చలు పెరిగిన కొద్దీ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. మనిషి నిలబడే, కూర్చునే, ఊపిరాడక చస్తాడు. చికిత్స నాడూ లేదు, నేడూ లేదు. కంపెనీ వైద్యులు దీన్ని నిమోనియా అన్నారు, క్షయ అన్నారు, ప్లూరసీ అన్నారు, "సొరంగపు జబ్బు" అని ఒక పేరూ కల్పించారు. నల్లటి మాత్రలు మింగించి పంపారు. మరణ పత్రంలో ఏ మాట రాశారన్నది వైద్యానికి సంబంధించిన చిన్న విషయంలాగా కనిపిస్తుంది. కాని ఆ మాటమీదే మొత్తం లెక్క ఆధారపడింది. నిమోనియాతో చచ్చినవాడు సొరంగం వల్ల చచ్చినట్టు కాదు.

ఆ ప్రాంతపు తెల్లజాతి గనికార్మికుడి ఇంట్లో తండ్రీ ముగ్గురు కొడుకులూ బొగ్గు పని కరువై సొరంగంలో చేరారు. ముగ్గురు కొడుకులూ ఒకరి తరువాత ఒకరు మంచంపట్టారు. చిన్నవాడికి పద్దెనిమిదేళ్ళు. ముందు పోయింది అతనే. తాను పోయాక తన ఒళ్ళు కోసి చూపించమనీ, దుమ్మే చంపిందని తేలితే అమ్మకు పరిహారమైనా దక్కుతుందనీ తల్లికి చెప్పాడు. ఎక్సురే తీయించడానికి డబ్బులేక తల్లి రోడ్డుమీద నిలబడి వచ్చేపోయేవారిని అడుక్కుంది. ఆ కోతతోనే, ఆ ఎక్సురేలతోనే జబ్బు పేరు బయటపడ్డది. పరిశోధనాలయాలున్న సంస్థ చేయని పరీక్షను చదువురాని కుటుంబం తన బిడ్డ శవం మీద చేయించింది. నేను చదివిన కార్మికోద్యమ చరిత్రల్లో ఇంతటి ఘట్టాలు ఎక్కువ లేవు.

నల్లజాతి కూలీల చావులు ఇంకా చీకట్లో జరిగాయి. తెల్లవారి శ్మశానాల్లో వారికి చోటులేదు. దగ్గరలో చోటు దొరక్క, సమ్మర్స్‌విల్ అనే వూళ్ళో శవసంస్కార వ్యాపారం చేసే ఒకతనితో కంట్రాక్టు కుదిరింది. శవానికి 55 డాలర్లు. తన తల్లి పొలంలో, మొక్కజొన్న చేలో, అతను వారిని పూడ్చాడు. చావుకు కూడా కంట్రాక్టే. చాలామందికి చావు అక్కడ కూడా రాలేదు. సగం మందికి పైగా కొద్ది నెలలకు మించి పనిలో నిలవలేదు. దగ్గు మొదలవగానే పనిలోంచి తీసేశారు. వాళ్ళు తమ తమ పల్లెలకు తిరిగి పోయి, సొరంగం పేరు ఎన్నడూ వినని వైద్యుల చేతుల్లో చచ్చారు. వలస కూలీని పెట్టుకోవడంలో లాభం తక్కువ కూలి ఒక్కటే కాదు, అతని చావు కంపెనీ ఆవరణలో జరగదు. దోమలపెంటలో చిక్కుకున్న జార్ఖండ్ కూలీలు, లోపల చిక్కుకోబట్టి మనకు లెక్కకు వచ్చారు. ఏ సొరంగంలోనో రెండేళ్ళు దుమ్ము మింగి ఆరోగ్యం పోయి గుమ్లాకో మహబూబ్‌నగర్‌కో తిరిగి వెళ్ళేవాణ్ణి ఏ పుస్తకంలో రాస్తారు?

1931 చివరికి సొరంగం పూర్తయింది. కేసులు 1932 నుంచి కోర్టుకు ఎక్కాయి. 1933లో జరిగిన మొదటి విచారణలో జ్యూరీ తీర్పుకు రాలేకపోయింది. జ్యూరీని కొన్నారన్న ఆరోపణలు వచ్చాయి. ఆ తరువాత రాజీ కుదిరింది. నూటయాభై పైచిలుకు కేసులన్నిటికీ కలిపి 1,30,000 డాలర్లు, అందులో సగం వకీళ్ళకు. పంపకంలో పెళ్ళికాని నల్లవాడికి 400, పెళ్ళయిన నల్లవాడికి 600, పెళ్ళికాని తెల్లవాడికి 800, పెళ్ళయిన తెల్లవాడికి 1000. దుమ్ములో చెరిగిపోయిన రంగు రాజీనామాలో మళ్ళీ స్పష్టంగా కనిపించింది. వాదుల వకీళ్ళు కేసు కాగితాలను ప్రతివాదులకు అప్పగించాలన్నది మరో షరతు. డబ్బు సంగతి అటుంచితే చరిత్రకారుడికి అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇదే. కాగితం పోతే లెక్క పోతుంది. 1935లో రాష్ట్రం సిలికోసిస్ చట్టం చేసింది. పరిహారం కోరాలంటే దీర్ఘకాలం దుమ్ములో పనిచేసి వుండాలన్న నిబంధన అందులో పెట్టారు. నెలల్లోనే చచ్చిన సొరంగం కూలీలకు అది పనికిరాలేదు. మరీ త్వరగా చంపడం వల్ల చట్టం నుంచి తప్పించుకోవచ్చునన్నమాట!

ఈ కథ దేశానికి తెలిసింది వామపక్ష పత్రికల వల్ల. 1935లో న్యూ మాసెస్ పత్రికలో దీనిమీద వ్యాసాలు వచ్చాయి. 1936 జనవరిలో కాంగ్రెసు ఉపసంఘం ముందు విచారణ మొదలైంది. న్యూయార్కు సభ్యుడు వీటో మార్కంటోనియో అందులో పట్టుదలతో పనిచేశాడు. 476 మంది చచ్చారన్న అంకె అక్కడ వినిపించింది. కంపెనీ పక్షం ఒప్పుకున్నది 109. సంపూర్ణమైన దర్యాప్తు జరపాలని ఉపసంఘం కోరితే సభ ఆ పని సాగనీయలేదు. ఆ తరువాత కార్మికశాఖ కార్యదర్శి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ సిలికోసిస్ మీద జాతీయ సమావేశం జరిపింది, సినిమా కూడా తీయించారు. దుమ్ము గురించి మాట్లాడారు, దోషం గురించి కాదు.

రచయితలకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. మ్యూరియల్ రుకైసర్ అనే యువకవయిత్రి 1936లో ఫొటోగ్రాఫరు స్నేహితురాలితో కలిసి గాలీ బ్రిడ్జికి వెళ్ళింది. అప్పటికామెకు ఇరవైరెండేళ్ళు. తిరిగి వచ్చి రాసిన "ది బుక్ ఆఫ్ ది డెడ్" కావ్యం 1938లో అచ్చయింది. ఉపసంఘం ముందు సాక్షులు చెప్పిన మాటలనూ, వైద్యుల వాంగ్మూలాలనూ, చివరికి కంపెనీ షేరు ధరను కూడా కవితలోకి తెచ్చింది. అది కవిత్వం కాదు, రికార్డు మాత్రమేనని విమర్శించినవారున్నారు. వారి సౌందర్యదృష్టిని నేను తప్పుపట్టను గాని, ఒక ప్రశ్న అడుగుతాను: కోర్టు కాగితాలు కంపెనీ బీరువాలోకి పోయాక ఆ తల్లి సాక్ష్యాన్ని చదివేవారికి అందించినది ఎవరు? 1941లో హ్యూబర్ట్ స్కిడ్‌మోర్ ఈ సొరంగం మీద రాసిన నవలను ప్రకాశకులే కొద్దికాలానికి వెనక్కి తీసుకున్నారు. ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చి వుంటుందో ఊహించడం కష్టం కాదు.

మన అభ్యుదయ సాహిత్యం కూడా కొంత ఆత్మవిమర్శ చేసుకోవాలి. బాయిలర్ పేలడం, గని కూలడం, కాల్పులు - వీటికి మనదగ్గర కథలున్నాయి, గేయాలున్నాయి. వాటిలో సన్నివేశం సిద్ధంగా వుంటుంది. దుమ్ముకు సన్నివేశం లేదు. క్వారీలో పదేళ్ళు రాయి కొట్టి, ఇంటి అరుగుమీద మూడేళ్ళు దగ్గి చచ్చినవాడి కథకు ఉత్కంఠ వుండదు. ప్రత్యర్థి కూడా కళ్ళెదుట వుండడు. అందుకని కంపెనీ గుమస్తా వదిలేసినవాణ్ణి మనమూ వదిలేశాం. ఏది "ప్రమాదం", ఏది "జబ్బు" అన్న విభజన యాజమాన్యం చేసింది. మన కథకుడు ఆ విభజననే కథావస్తువు కొలతగా తీసుకున్నాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల పట్టీలో చేర్చింది. అయినా రాతి క్రషర్ల దగ్గరా క్వారీల దగ్గరా పనిచేసి దగ్గుతో వచ్చినవాడి చీటీమీద క్షయ అనే రాస్తుంటారు. క్షయకు యజమాని వుండడు, సిలికోసిస్‌కు వుంటాడు.

సొరంగం పూర్తయిన యాభైమూడేళ్ళకు, 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి, అదే యూనియన్ కార్బైడ్ సంస్థకు చెందిన భోపాల్ కర్మాగారంలోంచి విషవాయువు లీకైంది. ప్రభుత్వం మొదట చెప్పిన మరణాల సంఖ్య 2259. తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వమే 3787 అన్నది. ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులు చెడి చచ్చినవారిని కూడా కలుపుకుంటే పదిహేనువేలు దాటుతుందని బాధితుల పక్షాన పనిచేసినవారు లెక్కకట్టారు. మొదటి రాత్రి చచ్చినవాడు ప్రమాదంలో చచ్చాడు. పదేళ్ళకు చచ్చినవాడు దగ్గుతో చచ్చాడు. ఈ గీత గాలీ బ్రిడ్జిలో గీసినదే. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ. గాలీ బ్రిడ్జిలో కూడా రాజీయే.

భోపాల్ తరువాతనే, 1986లో, మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు హాక్స్ నెస్ట్ మీద పుస్తకం రాశాడు. మిగిలిన ఉద్యోగుల పట్టీలు, మరణ పత్రాలు, జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి, మామూలుగా ఎంతమంది చనిపోవాలి, ఎంతమంది అదనంగా చనిపోయారు అని కట్టి చూశాడు. వచ్చిన అంచనా 764. అందులో 581 మంది నల్లజాతివారు. ఇది అంచనాయే. పేర్లపట్టీ కాదు, కాబోదు కూడా. ఎవరెవరో తెలియకుండా ఎంతమందో తెలియడం మరణించినవారికి న్యాయమా అని అడగవచ్చు. కాని 109 అన్న అంకె కూడా ఒక అంచనాయే. కాకపోతే దాన్ని కట్టినవారికి తక్కువ రావడం అవసరం.

ఆ సొరంగంలోంచి ఇప్పటికీ నీళ్ళు పారుతున్నాయి. సమ్మర్స్‌విల్‌లోని మొక్కజొన్న చేను మాత్రం అలా వుండలేదు. 1972లో 19వ నంబరు రహదారిని వెడల్పు చేయవలసి వచ్చి సమాధులు తవ్వారు. దొరికిన ఎముకలను చిన్న పెట్టెల్లో పెట్టి దగ్గరలోని మరో చోటికి మార్చారు. ఆ చోటు కూడా దశాబ్దాల పాటు తుప్పల్లో మరుగున పడి, రోడ్డు పక్క చెత్త పేరుకున్నది. వూరివారు కొందరు పూనుకొని శుభ్రంచేసి, 2012లో అక్కడొక స్మారకం నిలిపారు. గుంటలు పడిన నేల గుర్తుగా ఒక్కో సమాధి ఎక్కడుందో పోల్చుకున్నారు. చాలావాటి మీద రాయడానికి పేరు లేదు.